ఫోను ముందా, పెన్సిలు ముందా?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

యూనిట్ టెస్టు మార్కులు చూసుకోవడానికి వచ్చినవాళ్లలో చాలామంది అడిగింది ఒకటే: "చదువుకోవడానికని ఫోను తీసుకుంటారు మేడమ్, నిజంగా చదువుతున్నారో లేదో మాకేం తెలుస్తుంది?" న్యాయమైన ప్రశ్నే. ఇవ్వండి, ఇవ్వొద్దు అని ఒక్క మాటలో తేల్చలేను. తరగతిలో మేమేం చేస్తున్నామో చెబుతాను.

పదో తరగతి విద్యుత్తు పాఠం. సైన్స్ సారు బోర్డు మీద ఒక బ్యాటరీ, దానికి వరసగా ఒకే రకం బల్బులు రెండు గీశారు. రెండోది ఎలా వెలుగుతుందని అడిగితే సగం తరగతి "డిమ్ముగా సార్" అంది. మొదటి బల్బు కొంత కరెంటు తినేస్తుందని వాళ్ల లెక్క. ఎవరి జవాబు వాళ్లచేత నోటుబుక్కులో రాయించి, ఆ తర్వాతే ఆయన తెర తెరిచారు. అది ఫెట్ అనే ఉచిత వెబ్‌సైటు. నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టారు. అందులో తీగ వెంట ఎలక్ట్రాన్లు నీలం చుక్కల్లా కదులుతాయి. బల్బు దాటకముందు ఎంత వేగమో, దాటాకా అంతే. రెండు బల్బుల వెలుగూ సమానం. బల్బు తీసుకునేది శక్తిని, కరెంటును కాదు. బల్బు లేకుండా బ్యాటరీ రెండు కొసలనూ తీగతో కలిపేస్తే తెర మీద మంట లేస్తుంది. దానికోసం మాత్రం వెనక బెంచీవాళ్లు కూడా ఎగబడ్డారు.

మరుసటి పీరియడ్‌లో అసలు బ్యాటరీలు, అసలు బల్బులు. ఒక జట్టుకు రెండు బల్బుల్లో ఒక్కటీ వెలగలేదు. తీగ కొస సరిగా ఒలవలేదని కనుక్కునేసరికి గంట కొట్టేశారు. ఆ వెతుకులాట తెర మీద దొరకదు.

మేము పట్టుకున్న పద్ధతి ఇదే: ముందు ఊహించి రాయాలి, తర్వాత చూడాలి, ఆపైన చేతులతో చేయాలి. వీడియో ముందే చూసేస్తే అంతా వచ్చేసినట్టే ఉంటుంది, పరీక్షలో పెన్ను కదలదు.

ఇంట్లో ఇదే చేయించాలంటే కొత్తగా ఏదీ కొననక్కర్లేదు. పాఠ్యపుస్తకంలో పాఠం దగ్గర ఉండే క్యూఆర్ కోడ్‌ను దీక్ష యాప్‌లో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించినవే వస్తాయి. కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన యాప్ ఇది, డబ్బు కట్టే పని లేదు. నెట్ ఉన్నప్పుడు డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే తర్వాత నెట్ లేకుండానే చూడొచ్చు. తెలుగు పద్యాల్లో కఠిన పదాలకు ఆంధ్రభారతి వెబ్‌సైటులో నిఘంటువు ఉంది.

లెక్కను ఫోటో తీస్తే జవాబు చెప్పే యాప్‌ల విషయంలో నేను కొంచెం మొండిదాన్నే. హోంవర్కులో స్టెప్పులన్నీ ముత్యాల్లా ఉంటాయి; "మూడో లైను ఎలా వచ్చిందమ్మా" అంటే నేల చూపులు. మీకు లెక్కలు రాకపోయినా ఫరవాలేదు, ఆ ఒక్క ప్రశ్న మీరూ అడగండి. చెప్పగలిగితే చేసినట్టే.

ఇంకో సంగతి. మన పిల్లల ఇళ్లలో చాలాచోట్ల ఫోను ఒక్కటే. అది నాన్నతో పాటు అలిపిరి ఆటో స్టాండుకో, అమ్మతో పాటు రేణిగుంట ఫ్యాక్టరీ షిఫ్టుకో వెళ్లిపోతుంది. రాత్రి ఇంటికి వచ్చేసరికి బిడ్డ నిద్రపోతుంటుంది. అందుకని వాట్సాప్ గ్రూపులో హోంవర్కు పంపడం ఆపేశాం. డైరీలో రాయించిందే హోంవర్కు. గ్రూపులో సెలవుల కబురు, సమావేశాల కబురు మాత్రమే వస్తాయి. దయచేసి గుడ్ మార్నింగ్ బొమ్మలు కూడా వద్దు.

ఉచిత కోచింగ్ అంటూ బిడ్డ పేరు, తరగతి, ఓటీపీ అడిగే ఫోన్లు వస్తే చెప్పకండి. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023 నాటి డిజిటల్ సమాచార రక్షణ చట్టం చెబుతోంది. మా బడి తరఫున ఎవరూ ఓటీపీ అడగరు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

ఇంట్లో ఫోను అందని పిల్లల కోసం శనివారాలు చివరి రెండు పీరియడ్లు కంప్యూటర్ గది తెరిచి ఉంచుతున్నాం. మీరూ వచ్చి పక్కన కూర్చోవచ్చు. వచ్చేటట్టయితే ముందురోజు క్లాస్ టీచర్‌కు ఒక మాట చెప్పండి, కుర్చీలు తక్కువున్నాయి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు