ఎన్‌పీటెల్ (ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ కోర్సులు) పరీక్ష రాసేవాళ్లు ఒక్కసారి చదవండి

అసైన్‌మెంట్లు ఇంట్లో కూర్చుని ఎవరు చేశారో చూసేవాళ్లు లేరు, అందుకే వాటికి 25 మార్కులే, మిగతా 75 సెంటర్‌కి వెళ్లి ఇన్విజిలేటర్ ముందు రాసేదానికి. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 విడివిడిగా రావాలి, కాబట్టి లాగిన్ ఫ్రెండ్‌కిచ్చి చేయించుకున్నవాళ్లకి అక్కడ ఏమీ మిగలదు, దయచేసి ఆ పని చేయకండి.

హాల్ టికెట్, ఒరిజినల్ ఫొటో గుర్తింపు కార్డు రెండూ బ్యాగులో పెట్టుకోండి, ఫోన్‌లో ఫొటో ఉందిలే అనుకోవద్దు. మనవాళ్లకి అసలు ఇబ్బంది ఇంటిపేరుతోనే: ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరం. పోయినసారి మన జూనియర్ ఒకమ్మాయి దీనికే గేటు దగ్గర ఏడ్చేసింది. పేరు తేడా ఉంటే ఇవాళే నాకు చెప్పండి. గుంటూరు నుంచి విజయవాడ వచ్చేవాళ్లు పొద్దున్నే బస్సెక్కండి, వారధి దగ్గర ట్రాఫిక్ ఉంటుంది.