ఏది లేని శూన్యం?

సంపాదక మహాశయులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో శూన్యవాదంపై వెలువడిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. శూన్యవాదమనే పేరున్న, కొరుకుడుపడని బౌద్ధ మాధ్యమిక దర్శనాన్ని సామాన్య పాఠకుల ముందుకు తేవాలన్న రచయిత ఉద్దేశం మెచ్చదగినదే. అయితే ప్రపంచం లేదని, మనమూ లేమని, ఉన్నదంతా శూన్యమేనని ఆ దర్శనానికి మూలపురుషుడైన నాగార్జునుడు బోధించినట్టు వ్యాసం ముగియడం చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. అది నాగార్జునుడి మాట కాదు, ఆయనతో వాదించినవారు ఆయనకు అంటగట్టిన మాట.

ఆయన ప్రధాన గ్రంథమైన మూలమధ్యమకకారికల్లో 27 ప్రకరణాలున్నాయి. వాటిలో ఆర్యసత్యాలను, అంటే దుఃఖం, దాని కారణం, దాని నిరోధం, ఆ నిరోధానికి మార్గం అన్న బుద్ధుడి నాలుగు సత్యాలను, పరీక్షించే 24వ ప్రకరణం పూర్వపక్షంతోనే, అంటే ప్రతివాది ఆక్షేపణతోనే, మొదలవుతుంది. సర్వమూ శూన్యమైతే పుట్టుకా లేదు, నాశనమూ లేదు, అలాంటప్పుడు దుఃఖమూ దాని నిరోధమూ ఉండవు, ధర్మం, సంఘం, చివరికి బుద్ధుడు సైతం లేనట్టే కదా అని ప్రతివాది తొలి ఆరు శ్లోకాల్లో నిలదీస్తాడు. శూన్యత అంటే ఏమిటో, దాని ప్రయోజనమేమిటో తెలియకనే నీకీ అవస్థ అని ఏడో శ్లోకంలో నాగార్జునుడు బదులిస్తాడు. మన వ్యాసకర్త ఆరో శ్లోకం దగ్గరే పుస్తకం మూసినట్టున్నారు.

ఈ పొరపాటుకు మన వాడుక కూడా కొంత కారణం కావచ్చు. శూన్యం అనగానే మనకు సున్న గుర్తుకొస్తుంది, సున్న అంటే ఏమీ లేకపోవడం. కానీ అదే తెలుగులో జ్ఞానశూన్యుడు అన్నప్పుడు ఆ మనిషే లేడని ఎవరూ అనుకోరు, అతనికి లేనిది జ్ఞానమని ఇట్టే గ్రహిస్తారు. బౌద్ధంలోనూ శూన్యం అనే మాట పక్కన 'ఏది లేని' అన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. పాళీలోని చూళసుఞ్ఞత సుత్తంలో బుద్ధుడు తానున్న ప్రాసాదాన్నే ఆనందుడికి ఉదాహరణగా చూపుతాడు. అక్కడ ఏనుగులు, ఆవులు, గుర్రాలు, వెండి బంగారాలు లేవు కనుక వాటి విషయంలో అది శూన్యం, భిక్షుసంఘం ఉంది కనుక ఆ విషయంలో శూన్యం కాదు. లేనిదాన్ని లేదని, మిగిలి ఉన్నదాన్ని ఉందని చూడడమే అక్కడి అభ్యాసం.

నాగార్జునుడు లేదన్నది స్వభావాన్ని, అంటే దేనిమీదా ఆధారపడకుండా తనంతట తానుగా నిలిచే, ఎన్నటికీ మారని తత్త్వాన్ని. 'యః ప్రతీత్యసముత్పాదః శూన్యతాం తాం ప్రచక్ష్మహే' అని అదే 24వ ప్రకరణం 18వ శ్లోకంలో ఆయన సూటిగానే చెప్పాడు. హేతుప్రత్యయాలను, అంటే కారణాలను, పరిస్థితులను ఆశ్రయించి పుట్టడం ఏదుందో దానినే శూన్యత అంటున్నామని దాని భావం. కనుక ప్రతివాది ఆక్షేపణ అతనికే ఎదురు తిరుగుతుంది. దుఃఖానికి మారని స్వభావమే ఉంటే అది ఏ కారణం వల్లా పుట్టనక్కరలేదు, ఏ సాధన వల్లా పోదు. స్వభావరీత్యా అజ్ఞాని అయినవాడికి ఏ గురువూ అక్షరం ముక్క నేర్పలేడు. శూన్యత పొసగేచోటనే సర్వమూ పొసగుతుందని ఆయన అన్నది అందుకే.

ఈ విషయంలో ఇతరుల పొరపాట్లు ఎంచే ముందు నాదొకటి ఒప్పుకోవాలి. ఈ గ్రంథాన్ని నలుగురం కలిసి ఒక పండితుని దగ్గర చదువుతున్న రోజుల్లో, అన్నీ శూన్యమే అయినప్పుడు ఏ అభిప్రాయమైనా ఒకటేనని నేను బల్ల చరిచి మరీ వాదించాను. ఆయన నా అరచేతి వైపు చూసి, 'శూన్యత మీద ఇంత పట్టుదల దేనికి నాయనా?' అన్నారు. తరువాత 13వ ప్రకరణంలోని చివరి శ్లోకం చదివించారు. దృష్టులన్నిటి నుంచి, అంటే ఇదే సత్యమని పట్టుకు వేలాడే అభిప్రాయాలన్నిటి నుంచి, బయటపడడానికి శూన్యతను చెప్పారని, ఆ శూన్యతనే ఒక దృష్టిగా పట్టుకున్నవారిని బాగుచేయడం అసాధ్యమని ఆ శ్లోకం అంటుంది. ఏడో శతాబ్దానికి చెందిన, ఈ గ్రంథానికి వ్యాఖ్య రాసిన చంద్రకీర్తి దీనికి చక్కని దృష్టాంతం ఇచ్చాడు. నీకివ్వడానికి నా దగ్గర సరుకేమీ లేదని ఒకడు చెబితే, రెండోవాడు ఆ 'ఏమీ లేదు' అనే సరుకే ఇప్పించమని అడిగాడట. ఆ రోజు నేను అడిగిన సరుకూ అదే.

అన్నీ శాశ్వతమనే శాశ్వతదృష్టి కంటే, ఏదీ లేదు, చేసిన కర్మకు ఫలమూ లేదనే ఉచ్ఛేదదృష్టి ఎక్కువ ప్రమాదకరమని నా అభిప్రాయం. అది పైకి వైరాగ్యంలా, తెలివిలా కనిపిస్తుంది. తప్పుగా పట్టుకున్న పాము ఎలా కాటేస్తుందో, తప్పుగా చూసిన శూన్యత మందబుద్ధిని అలాగే నాశనం చేస్తుందని నాగార్జునుడు హెచ్చరించింది కూడా ఇటువంటి పఠనాన్ని ఉద్దేశించే. ఆయన గ్రంథం ముగిసేది దృష్టులను పరీక్షించే ప్రకరణంతోనే. సర్వదృష్టులనూ వదిలించడానికి కరుణతో ధర్మం బోధించిన గౌతముడికి చేసిన నమస్కారం అందులోని ఆఖరి శ్లోకం.

కాబట్టి ఇటువంటి వ్యాసాలను ప్రచురించేటప్పుడు పూర్వపక్షం ఎక్కడ ముగిసిందో, సిద్ధాంతం ఎక్కడ మొదలైందో పాఠకులకు తెలిసేలా చూడవలసిందిగా కోరుతున్నాను. 24వ ప్రకరణంలో ఉన్నవి 40 శ్లోకాలే. వారానికి రెండు చొప్పున తాత్పర్యంతో ప్రచురించినా 20 వారాల్లో పూర్తవుతాయి.

ఇట్లు,
మీ పాఠకుడు