మధ్యలో డిచ్‌పల్లి ఏమైంది?

సంపాదకుల వారికి,

నవలా రచయిత డాక్టర్ కేశవరెడ్డి గారి మీద మీరు వేసిన వ్యాసం చదివి పది రోజులైంది. పోనీలే అనుకున్నాను గానీ మనసు ఊరుకోలేదు. చిత్తూరు జిల్లా తలపులపల్లిలో 1946లో పుట్టారు, 2015లో పోయారు అని రాశారు. మధ్యలో ఆయన ఎక్కడున్నట్టు? అంత పెద్ద వ్యాసంలో డిచ్‌పల్లి పేరు ఒక్కసారీ లేదు.

డాక్టరీ చదివిన మనిషి. ఏ పట్నంలోనో బోర్డు పెట్టుకుంటే ఎవరు వద్దంటారు? ఆయన మా నిజామాబాద్ జిల్లాకొచ్చి డిచ్‌పల్లి కుష్ఠు ఆస్పత్రిలో ఏళ్ల తరబడి పనిచేశారు. కన్నవాళ్లే గడప తొక్కనివ్వని రోగుల్ని ముట్టుకుని చూశారు. ఇక్కడ కూర్చుని అక్కడి చిత్తూరు యాసలో 'మునెమ్మ' నవల రాశారు. అది మీకు వార్త కాలేదు!

'అతడు అడవిని జయించాడు' గురించి మీ వ్యాసకర్తకు తోచిందల్లా హెమింగ్వే పోలికే. ఈనిన పందినీ దాని పిల్లల్నీ కాపాడుకోవాలని రాత్రంతా అడవిలో పెనుగులాడిన ముసలాయన కథ అది. ఆయనకు నవలలో పేరు కూడా ఉండదు. చదివాక ఎవరికైనా ముందు గుర్తుకు రావలసింది అమెరికా రచయితేనా? ఆయన 'చివరి గుడిసె' నవలలోని యానాదుల ఊసు మీ వ్యాసకర్త ఎత్తనే లేదు.

మిమ్మల్ని మాత్రమే అనేదేముంది! ఈ మధ్య ఒక గ్రంథాలయానికి వెళ్లి ఆయన పుస్తకాలు అడిగితే, పోటీ పరీక్షల పుస్తకాలున్న ర్యాక్ చూపించారు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మాత్రం మరిచిపోకుండా వసూలు చేస్తారు. ఆయన పేరు ఒక హాలుకైనా పెట్టమని ఇక్కడొక ఆఫీసులో అర్జీ ఇస్తే, "ఆయన ఆంధ్రా ఆయన కదా సార్" అన్నారు. చిత్తూరు వైపున్న మా వియ్యంకుడు అక్కడ కదిపి చూస్తే, "నిజామాబాద్‌లో సెటిలయ్యారు కదండీ" అన్నారట. రాష్ట్రాన్ని పంచుకున్నప్పుడు బిల్డింగులు, బకాయిలు, ఉద్యోగులు అన్నిటికీ లెక్క రాసుకున్నారు. ఈయన ఎవరి వాటాకూ రాలేదు కాబోలు.

సినిమా హీరో పుట్టినరోజుకు పేజీలిచ్చే మీరు, డిచ్‌పల్లి గురించి నాలుగు లైన్ల సవరణ వేయండి. మీ వ్యాసకర్తకు 'మూగవాని పిల్లనగ్రోవి' దొరక్కపోతే నా కాపీ పంపిస్తాను. చదివి వెనక్కి ఇవ్వమనండి, ఇంతకు ముందు ఇచ్చిన రెండు కాపీలూ తిరిగి రాలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
నిజామాబాద్ జిల్లా