బాబాయికి ఉద్యోగం దొరికింది

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరాలకు జవాబు రాయడం ఇంత ఆలస్యమైనందుకు క్షమించు. ఇక్కడ అందరం కులాసా, పాపకు జ్వరం తగ్గింది, నువ్వడిగిన పుస్తకం పంపిస్తాను. ఇక అసలు సంగతి: మన బాబాయికి ఉద్యోగం దొరికింది!

అదీ ఎక్కడనుకున్నావు? గోదాములో, సరుకు నిల్వలు చూసుకునే పని. ఇరవై ఏళ్లకు పైగా జమాఖర్చులు రాసిన మనిషి! కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చి వాళ్ల విభాగం మూతపడ్డాక ఆయన ఎంత కుంగిపోయాడో నీకు తెలుసు. ఎక్కడికి వెళ్లినా దరఖాస్తులో ‘అకౌంట్స్ గుమాస్తా’ అని చూడగానే ఖాళీలు లేవనేవారు. ఈసారి ఇంటర్వ్యూ చేసినావిడ మాత్రం తెల్లకాగితం ఇచ్చి, "పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మీరు చేసిన పనులన్నీ రాయండి" అందట. బాబాయి రాశాడు: వచ్చిన సరుకును బిల్లుతో సరిచూడడం, తేడా ఉంటే ఎక్కడ వచ్చిందో పట్టుకోవడం, సరఫరాదారులకు ఫోను చేసి ఆలస్యానికి కారణం రాబట్టడం, నెలాఖరుకు నిల్వ లెక్క తేల్చడం. ఆవిడ చదివి, "ఇందులో చాలావరకు మా దగ్గర చేసే పనే కదండీ" అందట! ఆ కాగితం నాకూ చూపించాడు.

ఆ సంతోషంలో ఉండగానే అమెరికా టెలిఫోన్ ఆపరేటర్ల చరిత్ర చదివి మనసు పాడుచేసుకున్నాను. 1920-40 మధ్య చాలా ఊళ్లలో, కాల్స్‌ను మనిషి లేకుండానే కలిపే ఆటోమేటిక్ ఎక్స్ఛేంజీలు వచ్చి ఆ పని చాలావరకు పోయింది. అప్పట్లో యువతులు ఎక్కువగా చేరే ఉద్యోగాల్లో అదొకటి. ఆ తర్వాత పనికి వచ్చిన అమ్మాయిలకు సెక్రటరీ పనులు, రెస్టారెంట్లలో పనులు దొరికాయి. మరి అప్పటికే ఆపరేటర్లుగా ఉన్నవాళ్లు? జేమ్స్ ఫైగెన్‌బామ్, డేనియల్ గ్రాస్ అనే ఆర్థికవేత్తలు జనగణన వివరాలతో వాళ్ల జాడ తీశారు. పదేళ్ల తర్వాత వాళ్లలో ఏ పనీ లేనివాళ్లు ఎక్కువగా కనిపించారు, పని దొరికినవాళ్లలోనూ తక్కువ జీతానికి దిగినవాళ్లు ఎక్కువ. ‘యంత్రం ఒక పని తీసేస్తే ఇంకో పని ఇస్తుంది’ అంటూ నువ్వు మేడ మీద వాదించేవాడివి, గుర్తుందా? ఇస్తుంది, ఒప్పుకుంటాను. పోగొట్టుకున్న మనిషికే ఇస్తుందని ఎవరు చెప్పారు? నాకు కోపం వచ్చేది అక్కడే.

పైగా కాలం కూడా కలిసిరావాలి. స్టీవెన్ డేవిస్, టిల్ ఫాన్ వాక్టర్ అనే ఆర్థికవేత్తలు 2011లో లెక్క తేల్చారు. అమెరికాలో ఒకేచోట ఏళ్ల తరబడి పనిచేసిన మగవాళ్లు సామూహిక తొలగింపుల్లో ఉద్యోగం కోల్పోతే, నిరుద్యోగం 6 శాతం లోపు ఉన్నప్పుడు జీవితకాల నష్టం సగటున 1.4 ఏళ్ల సంపాదనతో సమానం. అదే 8 శాతం దాటినప్పుడైతే 2.8 ఏళ్లు! మనిషి అదే, నైపుణ్యం అదే. బాబాయిని పోయినేడాది, ఎవరూ కొత్తవాళ్లను తీసుకోనప్పుడు తొలగించి ఉంటే... వద్దులే, ఆ ఊహే భయంగా ఉంది.

నీ తమ్ముడికి చెప్పు, దరఖాస్తులో హోదా ఒక్కటే రాసి ఊరుకోవద్దని, చేసిన పనులన్నీ రాయమని. అన్నట్టు, ఫలానా పని చేయడానికి ప్రభుత్వం ఇచ్చే లైసెన్సుల సంగతి నీతో తేల్చుకోవాలి. 1950ల తొలినాళ్లలో అమెరికాలో సుమారు 5 శాతం ఉద్యోగాలకే లైసెన్సు కావాల్సి వచ్చేది, ఇప్పుడది 20 శాతం దాటింది. పని చేతనైనా కాగితం లేదని ఆపేస్తే ఇక వృత్తి మారేది ఎలా... అయ్యో, టపా తీసే వేళయింది, మిగతాది తర్వాత రాస్తాను.

నీ
మిత్రుడు