స్పీడు సరే, స్లాటు సంగతేంటి?

సంపాదకుల వారికి,

ఆదివారం మీ టెక్నాలజీ పేజీలో ఎస్‌ఎస్‌డీ, అంటే కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ బదులు పెట్టే చిప్పుల డ్రైవ్, కొనేవాళ్ళకి సలహాలిస్తూ వేసిన వ్యాసం చదివాను. వ్యాసమంతా సెకనుకు ఎన్ని మెగాబైట్లు అన్న ఒక్క లెక్క చుట్టూనే తిరిగింది. పాత రకం కనెక్షన్ సాటా పాతచింతకాయ పచ్చడి, కొత్త వేగమైన రకం ఎన్‌వీఎంఈ తప్ప ఇంకోటి చూడొద్దు అని తేల్చేశారు. ఒక్క విండోస్ వేసుకుని పని చేసుకునేవాళ్ళకి దానివల్ల పోయేదేమీ లేదు గానీ, చివర్లో "డ్యూయల్ బూట్ చేసేవారికీ ఇదే వర్తిస్తుంది" అని ఒక్క ముక్క తగిలించారు చూడండి, నా గొడవంతా దానితోనే. డ్యూయల్ బూట్ అంటే ఒకే మెషీన్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు. నేను విండోస్, లినక్స్ రెండూ ఒకే డెస్క్‌టాప్‌లో చాలా ఏళ్ళుగా నడుపుతున్నాను, అది అలా వర్తించదు.

ముందు ఆ స్పీడు సంగతి. సాటా పోర్టుకి సెకనుకు 6 గిగాబిట్లు పరిమితి, మన చేతికొచ్చేది 550 మెగాబైట్ల దాకా. ఎన్‌వీఎంఈ వాడే దారి పీసీఐఈ, అది 3.0 తరానిదైతే 3,500 దాకా, 4.0 అయితే 7,000 దాకా పోతుంది. పెట్టె మీద అంకెలు అబద్ధాలని నేననను. కానీ అవి ఒక పెద్ద ఫైలుని ఏకబిగిన చదివినప్పటి అంకెలు. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు జరిగే పని వేరు, వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్ళని ఇక్కడొకటి అక్కడొకటి ఏరుకురావడం. పాత హార్డ్ డిస్క్ చతికిలబడేది అక్కడే, ఎందుకంటే ప్రతి ముక్కకీ దాని హెడ్డు కదిలి వెళ్ళాలి, దానికి దాదాపు 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలేదేమీ లేదు, ఏ రకమైనా అందులో వందో వంతు సమయం చాలు. అందుకే హార్డ్ డిస్క్ నుంచి సాటా ఎస్‌ఎస్‌డీకి మారితే మెషీన్‌కి ప్రాణం లేచొచ్చినట్టుంటుంది, అక్కణ్ణుంచి ఎన్‌వీఎంఈకి మారితే మాత్రం బూట్ టైములో తేడా చూడ్డానికి వాచీ పట్టుకు కూర్చోవాలి. పెద్ద వీడియోలు ఎడిట్ చేసేవాళ్ళకి, రోజూ వందల గిగాబైట్లు అటూ ఇటూ కాపీ చేసేవాళ్ళకి ఆ స్పీడు నిజంగానే పనికొస్తుంది, వాళ్ళు తీసుకోవాల్సిందే.

డ్యూయల్ బూట్‌లో అసలు ప్రశ్న ఎంత స్పీడు అని కాదు, ఎన్ని డ్రైవ్‌లు అని. ఉన్న డబ్బంతా ఒక్క ఖరీదైన డ్రైవ్ మీద పోసి, దాన్ని ముక్కలు చేసి రెండు సిస్టమ్‌లూ అందులోనే వేస్తే, రెండూ ఒకే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ని, అంటే బూట్ ఫైళ్ళుండే చిన్న భాగాన్ని, పంచుకుంటాయి. విండోస్ దానంతటది చేసుకునే ఆ పార్టిషన్ తరచుగా 100 మెగాబైట్లే ఉంటుంది. కొన్ని లినక్స్‌లు తమ కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) ఫైళ్ళని కూడా అందులోనే పెడతాయి, నాలుగు అప్‌డేట్లయ్యేసరికి నిండిపోయి కూర్చుంటుంది. తర్వాత ఎప్పుడో విండోస్ మళ్ళీ వేయాల్సొస్తుంది, అర్ధరాత్రి నిద్రమత్తులో వరసగా ఉన్న పార్టిషన్ల జాబితాలో ఒకటి అటో ఇటో నొక్కుతాం, అంతే సంగతులు. అదే రెండు మామూలు డ్రైవ్‌లైతే దేని బూట్ ఫైళ్ళు దాని దగ్గరే ఉంటాయి, ఆన్ చేసేటప్పుడు మదర్‌బోర్డు బూట్ మెనూలో కావాల్సింది ఎంచుకోవడమే. ఒకటి చచ్చిపోయినా రెండోది లేస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. విండోస్ వేసేటప్పుడు ఇంకో డ్రైవ్‌లో అప్పటికే ఈఎఫ్‌ఐ పార్టిషన్ కనిపిస్తే, ఇన్‌స్టాలర్ తన బూట్ ఫైళ్ళని తీసుకెళ్ళి అందులో పడేసే అవకాశం ఉంది. తర్వాత ఆ డ్రైవ్ తీసేస్తే విండోస్ కూడా లేవదు. కాబట్టి ఒకటి వేసేటప్పుడు రెండోది ఊడదీసి పెట్టాలి. సాటా డ్రైవ్ అయితే కేబుల్ లాగితే అయిపోయింది. బోర్డు స్లాటులో దూర్చే ఎమ్ డాట్ టూ డ్రైవ్ అయితే గ్రాఫిక్స్ కార్డు తీసి, హీట్‌సింక్ తీసి, గోరంత స్క్రూ ఊడదీసి, అది కాస్తా క్యాబినెట్‌లో ఎక్కడో పడితే టార్చ్ వేసుకుని వెతుక్కోవాలి. మీరు పాతదని పక్కన పడేసిన సాటానే నా లెక్కలో రెండో డ్రైవ్‌గా బెస్టు. విండోస్ ఎన్‌వీఎంఈ మీద, లినక్స్ సాటా మీద, నాది ఇదే ఏర్పాటు.

ఇక మదర్‌బోర్డు మాన్యువల్ సంగతి, ఇది మీ వ్యాసంలో అస్సలు లేదు. మీరు ఎమ్ డాట్ టూ అన్నా ఎన్‌వీఎంఈ అన్నా ఒకటే అన్నట్టు రాశారు. ఎమ్ డాట్ టూ అనేది ఆకారం మాత్రమే, 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. ఆ ఆకారంలో సాటా డ్రైవ్‌లూ ఉన్నాయి, పీసీఐఈ మాత్రమే తీసుకునే స్లాటులో అవి చక్కగా దూరతాయి, కానీ కనిపించవు. నాకు జరిగింది ఇంకో రకం. రెండో స్లాటులో కొత్త డ్రైవ్ పెట్టి ఆన్ చేశాను, అది బ్రహ్మాండంగా వచ్చింది, పాత హార్డ్ డిస్క్ మాయం. పదేళ్ళ ఫొటోలు అందులోనే ఉన్నాయి. కేబుల్ మార్చాను, పవర్ వైరు మార్చాను, డిస్క్ చెవి దగ్గర పెట్టుకుని తిరుగుతోందా లేదా అని విన్నాను, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. తెల్లారాక మాన్యువల్ తీస్తే చిన్న అక్షరాల్లో ఉంది, ఆ స్లాటులో డ్రైవ్ పెడితే 5, 6 సాటా పోర్టులు పనిచేయవని. కేబుల్ 2వ పోర్టుకి మార్చాను, డిస్క్ వచ్చేసింది. తప్పు నాదే, ముందు చదవలేదు. స్లాటుకీ పోర్టులకీ మధ్య ఇలాంటి పంపకాలు చాలా బోర్డుల్లో ఉంటాయి.

ఎస్‌ఎస్‌డీ లోపలి చిప్పుల రకం గురించి కూడా ఒక మాట. డేటా దాచే ఒక్కో సెల్‌లో మూడు బిట్లు పెట్టేది టీఎల్‌సీ, నాలుగు పెట్టేది క్యూఎల్‌సీ. క్యూఎల్‌సీ చవగ్గా వస్తుంది గానీ పెద్ద కాపీ పెట్టినప్పుడు ముందున్న క్యాష్ (వేగంగా రాసుకునే తాత్కాలిక చోటు) నిండగానే నీరసపడుతుంది. సిస్టమ్ వేసేదైతే నేను టీఎల్‌సీయే తీసుకుంటాను. డీర్యామ్, అంటే సొంత మెమరీ చిప్, లేని ఎన్‌వీఎంఈ కంప్యూటర్ మెమరీలో కొంచెం అప్పు తీసుకుని నెట్టుకొస్తుంది, సాటాకి ఆ సౌకర్యం లేదు, అందుకే డీర్యామ్ ఉందా లేదా అన్నది సాటాలోనే ఎక్కువ చూసుకోవాలి.

రెండు డ్రైవ్‌లు పెడితే అన్ని కష్టాలూ తీరతాయని కూడా చెప్పను. 2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకమున్న సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉన్న చాలా డ్యూయల్ బూట్ మెషీన్లలో లినక్స్ లేవడం మానేసింది. ఆ అప్‌డేట్ చేసిన మార్పు డ్రైవ్‌లో కాదు, బోర్డు ఫర్మ్‌వేర్‌లో, అంటే బోర్డు సొంత సాఫ్ట్‌వేర్‌లో, నమోదైంది, కాబట్టి వేరే డ్రైవ్‌లో ఉన్నా తప్పించుకునే దారి లేదు. అలాగే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయకపోతే అది సగం నిద్రలో ఉండగానే మనం లినక్స్‌లోకి వెళ్ళి, ఆ డ్రైవ్‌లో ఏమీ రాయలేక తిట్టుకుంటాం.

ఉత్తరం పెద్దదైపోయింది, చోటు లేకపోతే ఎంతైనా కత్తిరించండి, ఏమీ అనుకోను. ఆ మాన్యువల్ పేరా ఒక్కటీ ఉంచండి, మీ వ్యాసం చదివి ఈపాటికి ఎవరో ఒకరు డ్రైవ్ ఆర్డర్ పెట్టే ఉంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు