ఇంట్లో సెలూన్‌కు బీమా మరవొద్దు

సంపాదకులకు నమస్కారం.

అద్దెలు భరించలేక ఇంటి ముందుగదిలోనే సెలూన్ నడుపుతున్న మా వృత్తిదారుల కోసం ఈ నాలుగు మాటలు. కుర్చీ, అద్దం కొనేముందే మున్సిపాలిటీలో ట్రేడ్ లైసెన్సుకు దరఖాస్తు పెట్టాలి. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం, దళారులకు పైసా ఇవ్వొద్దు. తెలంగాణలో నాయీబ్రాహ్మణుల సెలూన్లకు 2021 ఏప్రిల్ నుంచి నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు పథకం ఉంది; సెలూన్‌కు వేరే మీటరు తీసుకోండి.

ఎక్కువమంది పొరబడేది బీమా దగ్గరే. ఇంటి పాలసీ సాధారణంగా వ్యాపార నష్టాన్ని భరించదు. దుకాణదారుల పాలసీ తీసుకుని అందులో పబ్లిక్ లయబిలిటీ, అంటే బయటివారికి జరిగే హానికి పరిహారమిచ్చే భాగం, చేర్పించాలి. తడినేలపై ఎవరైనా జారిపడితే ఆదుకునేది ఆ భాగమే. కత్తిగాటు, జుట్టు రంగు అలర్జీ దాని కిందికి వస్తాయో లేదో రాతపూర్వకంగా అడగండి.

ప్రతి మనిషికీ కొత్త బ్లేడు తప్పనిసరి. దువ్వెనలను సబ్బుతో కడిగాక, 5 శాతం బ్లీచ్ ద్రావణం ఒక పాలుకు నీళ్లు 9 పాళ్లు కలిపి 10 నిమిషాలు నానబెట్టాలి. జిడ్డు, వెంట్రుకలు ఉంటే ఆ ద్రావణం సరిగా పనిచేయదు. కత్తెరలు బ్లీచ్‌లో తుప్పు పడతాయి, వాటికి 70 శాతం ఆల్కహాల్ ఉన్న స్పిరిట్ వాడాలి. అందరి గడ్డాలకూ ఒకే పటికబిళ్ల రుద్దడం దయచేసి మానండి. గాటు నెత్తురు దానికి అంటుకుని మరొకరికి చేరుతుంది.

– కొందరు క్షౌరవృత్తిదారులు, వరంగల్