ఆదివారం నాలుగింటికి ఫోన్ చేస్తాను

చిరంజీవి పెద్దమ్మాయికి నాన్న దీవించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. బర్రె ఈనింది, పెయ్యదూడ. జున్ను వండినప్పుడల్లా మీ అమ్మ నీ పేరే తలుచుకుంది.

మొన్న రాత్రి నీ మారథాన్ పరుగు సాధన గురించి అడిగితే "రెండు ఆదివారాలు మానేశాను నాన్నా, ఇక నా వల్ల కాదేమో" అన్నావు. అప్పటికప్పుడు నాకు మాట తోచలేదు. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. అందుకే కాగితం తీశాను.

చిన్నప్పుడు పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర నా పక్కన మంచం వేసుకుని పడుకునేదానివి, గుర్తుందా? ఆకు కర్రలకు కట్టి లోపలికెక్కించాక అయిదారు రోజులు పొయ్యి ఆరకూడదు. మొదట 100 డిగ్రీల ఫారన్‌హీట్‌కు అటూఇటూగా సెగ పెట్టి, ఆకు పసుపు తిరిగేదాకా ఓపిక పట్టాలి. తర్వాత కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతే, కాడ ఎండేసరికి 160 దాకా వస్తుంది. ఒక ఏడు మూడో రాత్రి నాకు కునుకు పట్టింది. లేచేసరికి పొయ్యి చల్లబడింది. భయమేసి, పోయిన సెగంతా గంటలో రాబట్టాలని మొద్దుల మీద మొద్దులు తోశాను. తెల్లారి తలుపు తీస్తే ఆకు కమిలిపోయి ఉంది. పొయ్యి చల్లారినందుకు పోయింది కొంతే. నా తొందరకు పోయిందే ఎక్కువ. ఆ ఏడు వేలంలో ఆ ఆకుకు ధర రాలేదు.

ఇప్పుడు నువ్వు చేయబోయేది కూడా అదేనని నా భయం. 24 కిలోమీటర్ల దాకా వచ్చావు, రెండు వారాలు ఆగావు. పోయినవి పూడ్చాలని ఈ ఆదివారం 30 కి పోవద్దు. 18 చాలు. పరుగు రాకపోతే కొంత నడువు. వారం వారం కొంచెంగానే పెంచాలని, 30, 32 దాకా వెళ్లాక చివరి రెండు మూడు వారాలు మళ్లీ తగ్గించాలని సంక్రాంతికి వచ్చినప్పుడు నాకు చెప్పింది నువ్వే. ఆగస్టులో మారథాన్‌కు ఇంకా టైముంది. ఒళ్లు నొప్పులైతే ఓర్చుకో. మోకాలి దగ్గరో పిక్క ఎముక మీదో ఒకచోటే గుచ్చినట్టు నొప్పి పుడితే మాత్రం ఆగి డాక్టరుకు చూపించు. అట్టా ఆగితే మానేసినట్టు కాదమ్మా.

నాయనమ్మ సంగతి నీకు ఎంత గుర్తుందో తెలియదు. ఫ్లోరైడు ఎక్కువున్న మన బోరు నీళ్లు తాగీ తాగీ ఆమె నడుము వంగిపోయింది, మెడ బిగుసుకుపోయింది. నువ్వు వెనక నుంచి పిలిస్తే తల తిప్పలేక మనిషి మొత్తం తిరిగేది. అది చూసి, నీకు నాలుగేళ్లుంటాయేమో, పిలవడం మానేశావు. పరిగెత్తుకుంటూ వచ్చి ఆమె ముందు నిలబడి "జేజీ" అనేదానివి. నీకు ఎవరూ చెప్పలేదు. నీ పరుగు మొట్టమొదట నేను చూసింది అక్కడే.

ఈ ఫ్లోరోసిస్ జబ్బు మనకు కొత్తది కాదు. 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో, డాక్టర్లు దీని గురించి రాశారు. దేశంలో మొదట బయటపడింది నెల్లూరు జిల్లాలోనే. అప్పట్లో మన కనిగిరి కూడా ఆ జిల్లాలోదే, 1970లో కొత్తగా వచ్చిన ఒంగోలు జిల్లాలో కలిపారు, దానికే తర్వాత ప్రకాశం అని పేరు పెట్టారు. డాక్టర్లకంటే ముందే రైతులు కనిపెట్టారంట, దుక్కి ఎడ్లు కీళ్లు బిగుసుకుని అడుగేయలేకపోవడం. ఇన్నేళ్లయినా ఇంకా ఈ నీళ్ల గురించే మాట్లాడుకుంటున్నాం. అది తలుచుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ఆ నీళ్లు తాగకూడదు. కాచినా ఫ్లోరైడు పోదు, గుడ్డతో వడగట్టినా పోదు. ఒకసారి వంగిపోయిన ఎముకను ఏ మందూ తిన్నగా చేయలేదు. పక్క ఊరి బడిలో పిల్లలు నవ్వితే పళ్ల మీద గోధుమరంగు చారలు కనపడతాయి. వాళ్ల ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి. ఈ పరుగు పేరు మీద నువ్వు పోగు చేస్తున్న డబ్బుతో ఆ బడికి ఆర్వో ప్లాంటు పెట్టిస్తే వాళ్లకు అందుతుంది. నాయనమ్మకు అందలేదు.

నువ్వు 42 కిలోమీటర్లు పరిగెడుతున్నావని మన దగ్గర ఆకు కట్టే ఆడవాళ్లకు చెప్పాను. ఎందుకని అడిగారు. నీళ్ల కోసమన్నాను. మర్నాడు కూలి డబ్బుల్లోంచి తలా పది రూపాయలు తీసి నా చేతిలో పెట్టారు. వాళ్లలో ఒకామె కింద కూర్చుంటే చెయ్యి ఆనించందే లేవలేదు. ఆ డబ్బు నీకు పంపాను, అందింది కదా. ఎవరెవరిచ్చారో పేర్లు రాసి పెట్టుకో.

బూట్లు రాత్రే గడప దగ్గర పెట్టుకో. నీళ్ల సీసాలో నిమ్మకాయ పిండుకుని ఉప్పు, చక్కెర కలుపుకో. ఆదివారం నాలుగింటికి ఫోన్ చేస్తాను, పాలు పిండడానికి ఎట్టాగూ లేస్తాను కదా. "లేచాను నాన్నా" అను చాలు, పెట్టేస్తాను. వచ్చే ఆదివారమూ చేస్తాను, ఆపై ఆదివారమూ చేస్తాను.

మీ నాన్న